ఎండపలక

ఫిబ్రవరి 3

చిట్టితల్లికి,

మన మాట పుస్తకంలోకి ఎక్కిందే తల్లీ! అచ్చులో! నిఘంటువులో! ఒకసారి చదివి ఊరుకోకు, ఇంకోసారి చదువు. మన కొట్లో పుట్టిన మాట నిఘంటువులోకి ఎక్కింది. పొద్దున పోస్టుమాన్ కవరు చేతిలో పెట్టినప్పటినుంచి నా కాళ్ళు భూమ్మీద నిలవడం లేదు. కిటికీ చెక్కకు లప్పం పెడుతూ పెడుతూ లేచి వెళ్ళి, మళ్ళీ ఆ కాగితం చూసుకుంటున్నాను. కాగితం అంచుకి లప్పం అంటుకుంది. అంటుకోనీ. అద్దాల పనివాడి కాగితానికి లప్పం కాక అత్తరు అంటుతుందా?

అసలు సంగతి మొదట్నించీ చెప్పాలి కదా. చలికాలం మొదట్లో ఇద్దరు మన వీధికి వచ్చారు. ఒకాయన కళ్ళజోడు పంతులు, ఒకమ్మాయి రాసుకునేది. పనివాళ్ళ మాటలన్నీ పోగుచేసి నిఘంటువు వేస్తున్నారట. వడ్రంగిని అడిగారు, పక్కకొట్టు రేకుల పనివాణ్ణి అడిగారు, నన్నూ అడిగారు. "కిటికీకి బిగించే గాజును మీలో ఏమంటారు?" అన్నాడాయన. నేను టక్కున "ఎండపలక" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "ఈ మాట నేనెక్కడా వినలేదండీ" అన్నాడు. "ఎలా వింటారు సార్, ఇది మా ఇంటి మాట, మా నాన్న కాలంనుంచి వస్తోంది" అన్నాను. ఆ అమ్మాయి గబగబా రాసేసుకుంది.

ఇప్పుడు అచ్చయిన కాగితం పంపారు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను చూడు:

"ఎండపలక. నా. కిటికీకి బిగించే గాజు; కిటికీ అద్దం. 'ఎండపలక బిగిస్తే ఇంటికి కళ్ళొచ్చినట్టే.' మూడు తరాలుగా అద్దాలు బిగిస్తున్న కుటుంబంలోని పనివాడు చెప్పినది."

మధ్యలో ఆ "నా." చూసి, నాది అని రాశారు కాబోలనుకుని మురిసిపోయాను. నామవాచకమట, వడ్రంగి చెప్పాడు. పోనీలే, నామవాచకమైనా నాదేగా.

రేకుల పనివాడు తన మాటలు పదిహేను చెప్పాడు. ఒక్కటీ తీసుకోలేదు. "చూశావా, పదిహేను చెప్పడం కాదు, పనికొచ్చేది ఒక్కటి చెప్పాలి" అన్నాను. అప్పట్నించి వాడు సుత్తి గట్టిగా కొడుతున్నాడు. నాకు అది బాజాలాగే ఉంది.

బోర్డు రాసేవాడికి కబురు పంపాను. ఇకమీదట మన కొట్టు పేరు "ఎండపలక అద్దాల కొట్టు". నీలం మీద పసుపు అక్షరాలు. దూరంనుంచి బస్సులో పోయేవాడికి కూడా కనపడాలని చెప్పాను.

మీ పెద్దత్తయ్యకు, బాబాయికి, చిన్నమామయ్యకు, పిన్నికి నేనే ఉత్తరాలు వేశాను. పుస్తకం రాగానే తలొకటి పంపుతానని కూడా రాశాను. మీ అమ్మకు ప్రత్యేకంగా చెప్పేదేముంది, ఇంట్లోనే ఉందిగా. షెడ్డులో గాజు కోస్తుంటే వెళ్ళి చదివి వినిపించాను. "అర్థం ఏమని రాశారు?" అంది. మళ్ళీ చదివాను. "ఓహో" అంది. గాజు కోసే కలం కింద పెట్టి ఇంట్లోకి వెళ్ళిపోయింది. ఆవిడ సంగతి నీకు తెలుసుగా, సంతోషమొచ్చినా జ్వరమొచ్చినా ఒకటే ముఖం.

అల్లుడికి చదివి వినిపించు. గట్టిగా చదువు, పక్కింటివాళ్ళకు కూడా వినపడాలి.

ఆనందం పట్టలేక అక్షరాలు వంకర పోతున్న
మీ నాన్న


ఫిబ్రవరి 11

నాన్నా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు ఊరుకున్నాను, కోపం దిగుతుందేమోనని. దిగలేదు.

ఆ మాట తాతయ్యది కాదు. తాతయ్య "బిళ్ళ" అనేవాడు. "బిళ్ళ జాగ్రత్త, ఒరేయ్ బిళ్ళ జాగ్రత్త" అని ఆయన నీమీద అరవడం నా చెవుల్లో ఇప్పటికీ ఉంది. ఒకసారి కిటికీ బిగిస్తూ నువ్వు ఒకటి పగలగొట్టినప్పుడు "నా బిళ్ళ పోయిందిరా" అని ఏడ్చినంత పని చేశాడు. ఎండపలక అన్న మాట ఆయన నోట ఒక్కనాడు రాలేదు.

నీదీ కాదు. అది అమ్మ మాట. అమ్మ పుట్టించింది, అమ్మ వాడింది. నీ చెవిన పడింది. అంతే.

మూడు తరాల కుటుంబమట! అందులో అమ్మ ఎన్నో తరం నాన్నా? ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆ షెడ్డులో నిలబడి గాజు కోస్తున్నదెవరు? నువ్వు నిచ్చెన భుజాన వేసుకుని ఇంటింటికీ వెళతావు, వీధికంతటికీ కనిపిస్తావు. కోసే మనిషి షెడ్డులో ఉంటుంది కాబట్టి ఎవరికీ కనపడదు. ఒకింట్లో ఉంటూ నీకు కూడా కనపడలేదంటే ఏమనాలి? సొమ్మొకరిది సోకొకరిది అంటారే, అది పుస్తకంలో చదువుకున్నాను గానీ మా నాన్న చేతిరాతతో ఇంటికొస్తుందని అనుకోలేదు.

ఇంకో తప్పుంది. ఎండపలక అంటే కిటికీ గాజు కాదు. మరేమిటో నేను చెప్పను. నీ పక్కగదిలో ఉన్న మనిషిని అడుగు.

పుస్తకం కుట్టేలోగా వాళ్ళకు రాసి దిద్దించు. దిద్దించాక నాకు రాయి.

నీ కూతురు


ఫిబ్రవరి 19

బంగారుతల్లికి,

నీ ఉత్తరం అందింది. నవ్వుకున్నాను. నీ కోపం ఎక్కడిదో నాకు తెలియదా? నీ పేరు లేదనే కదా! చదువుకున్నదానివి, కళ్ళజోళ్ళ కార్ఖానాలో అద్దాలు సానపట్టే పెద్ద పనిలో ఉన్నావు, నీకంటే ముందు ఈ ఏడో తరగతి ముసలాడు అచ్చెక్కాడని కడుపుమంట. సహజమే. నేను తప్పు పట్టను. మొన్న నిఘంటువు ఆఫీసుకి వెళ్ళినప్పుడు పంతులుతో అన్నాను, "మా అమ్మాయి పేరు కూడా ఓ మూల ఇరికించండి సార్" అని. పేర్లు వేయమండీ, పని మాత్రమే వేస్తాం అన్నాడు. కానీ నాకు కుర్చీ వేశారమ్మడూ! చేతుల కుర్చీ! అందరూ లేచి నిలబడ్డారు. నిలబడ్డారో, భోజనానికి లేస్తున్నారో, ఏదో ఒకటి, లేచారు.

పుస్తకాలు వచ్చేశాయి. ముందుగా పది కట్టారట, వాటిలో నాలుగు నాకిచ్చారు. నాలుగూ మనవాళ్ళకు పోస్టు చేసేశాను. మాట నిలబెట్టుకున్నాను.

మీ అమ్మ మాటంటావా, ఇంట్లో ఆడవాళ్ళు సవాలక్ష మాటలంటారు, అన్నిటినీ అచ్చు వేయిస్తామా? పైగా మీ అమ్మే ఏమీ అనలేదు. నోట్లో నాలుక లేని మనిషి తరఫున నువ్వెందుకే వకాల్తా?

ఆవిడకు ఈమధ్య మోకాళ్ళ నొప్పులు. రెండు వారాలైంది షెడ్డు గుమ్మం తొక్కి. గాజు నేనే కోసుకుంటున్నాను. ఏముంది, గాజు డిపోనుంచి వచ్చిన పెట్టె విప్పడం, కొలత పెట్టడం, గీత గీయడం, విరవడం. ఇన్నేళ్ళూ ఇదేదో పెద్ద పని అనుకున్నాను.

కానీ ఒక్క సంగతి నా ఒళ్ళు మండిస్తోంది. దర్జీ దుకాణం ముందు పెద్ద అద్దం ఉంది కదా, అది కొత్తది బిగించాను. అద్దం వెనకాల వాడు కుట్టిన కోట్లు వేలాడేస్తాడు. మర్నాడే వచ్చి, "బాబాయ్, నా కోటు వంకరగా కనపడుతోంది" అన్నాడు. "అయితే తిన్నగా కుట్టుకో" అన్నాను. "లోపలినుంచి తిన్నగానే ఉంది, వీధిలోంచి చూస్తే అంచు పాములా మెలికలు తిరుగుతోంది. కోటు వంకరా, నీ గాజు వంకరా?" అని నలుగురిలో అడిగాడు. ఎవరో పెద్దమనిషి బయటే నిలబడి చూసి, "వంకర కుట్టు" అని వెళ్ళిపోయాడట. నామీద ఇంతవరకూ ఎవడూ ఇలాంటి మాట అనలేదు! గాజు డిపోవాడికి ఘాటుగా రాశాను. మంచిమనిషికి చెడ్డ సరుకు పంపుతార్రా అని.

బోర్డు పెట్టేశారు. బస్సులోంచి కనపడుతోంది. నేను ఎక్కి చూశాను.

బోర్డంత వెడల్పు ఛాతీతో
మీ నాన్న


ఫిబ్రవరి 27

నాన్నా,

నీ ఉత్తరం కార్ఖానాలో మధ్యాహ్నం చదివాను. ఆ కోపంలో ఒక అద్దం పాడుచేశాను. పదేళ్ళలో మొదటిది.

నా పేరు గురించి నేను అడిగానా? ఎక్కడ అడిగానో చూపించు. దున్నపోతుమీద వానలా నా మొదటి ఉత్తరం నీమీద పడి జారిపోయింది. ఈసారి వేలు పెట్టి చూపిస్తాను.

నాకు ఆరేళ్ళు. బడికి వేళవుతోందని జడ వేయమని షెడ్డులోకి పరుగెత్తేదాన్ని. అమ్మ "ఆగవే, ఎండ పోతుంది" అనేది. షెడ్డు తలుపులోంచి పొద్దున ఎండ ఏటవాలుగా లోపలికి వస్తుంది, నీకు తెలుసా? తెలియదు. అప్పటికే నువ్వు నిచ్చెనతో వీధిలో ఉంటావు. అమ్మ ఒక్కొక్క గాజునూ తలుపు మధ్యలో నిలబెట్టేది. గాజుకేసి చూసేది కాదు. నేలకేసి చూసేది. గాజులోంచి పడిన ఎండ నేలమీద చారలు చారలుగా, నీళ్ళు కదిలినట్టు కనిపిస్తే ఆ గాజు ఎడమ దొంతరలోకి. ఒక్క చార లేకుండా, కడిగి ఆరబెట్టిన పలకలా నేలమీద ఎండ పడితే అప్పుడు అనేది, "ఇదీ ఎండపలక" అని. అది కుడి దొంతరలోకి.

అంతే నాన్నా ఆ మాటకు అర్థం. పరీక్షకు నిలిచిన గాజు. పదింటిలో ఏడు నిలిచేవి, మూడు నిలిచేవి కావు.

కుడి దొంతర నువ్వు కిటికీలకు పట్టుకుపోయేవాడివి. ఎడమ దొంతరను పటాలకు, బీరువా తలుపులకు చిన్న ముక్కలుగా కోసేది. "ఇవి చిన్నవి కదా, అందుకని పటాలకు" అనుకున్నావు నువ్వు. చిన్నవి కాబట్టి పటాలకు పోలేదు, పటాలకు పోవాలి కాబట్టి చిన్నవయ్యాయి. షెడ్డు నేలను అమ్మ రోజూ నున్నగా కడుక్కునేది. "గాజు పెంకులు పడేచోట ఇంత శుభ్రమెందుకే, పెళ్ళివారొస్తున్నారా" అని నువ్వు నవ్వేవాడివి. ఆ నేలే ఆవిడ పనిముట్టు.

"ఫలానా ఆయన బిగించిన కిటికీలోంచి చూస్తే వీధి వీధిలా కనపడుతుంది" అని ఊరంతా నిన్ను మెచ్చుకుందే, అది నీ చేతిలోది కాదు. అది ఆవిడ కళ్ళలోది. ఇప్పుడు ఆవిడ షెడ్డులోకి రావడం లేదు. దర్జీ కోటు వంకరపోయింది. ఇంకా డిపోవాణ్ణి తిడుతున్నావా?

అమ్మకు నొప్పి మోకాళ్ళలో కాదు.

మా కార్ఖానాలో కొత్తగా చేరినవాళ్ళు "లోపం అంత తొందరగా ఎలా పట్టేస్తావు" అని అడుగుతారు. మా అమ్మ నేర్పింది అని చెబుతాను. ప్రతిసారీ చెబుతాను. నాకు నోరు అరగలేదు. నీకు ఒక్కసారి చెప్పడానికి, అదీ వాళ్ళంతట వాళ్ళు ఇంటికొచ్చి అడిగితే, నోరు రాలేదు.

వచ్చే నెల సెలవు పెట్టి వద్దామనుకున్నాను. ఆ బోర్డు కింద నుంచి ఆ ఇంట్లో అడుగుపెట్టను.

అమ్మ కూతురు


మార్చి 6

అమ్మాయికి,

ఏమే, అంతదానివైపోయావా? ఎవరికి రాస్తున్నానన్న జ్ఞానం ఉందా? నా కూతురు నాకు పాఠాలు చెబుతుందా, వేలు పెట్టి చూపిస్తుందా?

నేలకేసి చూస్తే గాజు మంచిదో చెడ్డదో తెలుస్తుందిట! రేపు చెప్పులకేసి చూసి కళ్ళజోడు నంబరు చెబుతావేమో! నలభై ఏళ్ళు నిచ్చెనలెక్కినవాణ్ణి నేను. మూడంతస్తుల మీద, ఒంటికాలిమీద, నోట్లో మేకులు పెట్టుకుని బిగించినవాణ్ణి. ఎడమచేతి బొటనవేలికి ఉన్న గాటు ఎవరిది? వర్షంలో జారిపడి మూడు నెలలు మంచంలో ఉన్నదెవరు? అదంతా ఎండలో కొట్టుకుపోయిందా? గాజును తలుపులో నిలబెట్టి చూసిన మనిషి గొప్పదైపోయి, దాన్ని వీపున మోసుకెళ్ళి గోడలో నిలబెట్టినవాడు దొంగైపోయాడా?

"సొమ్మొకరిది సోకొకరిది" అన్న ముక్క నేను మర్చిపోను. ఆ ఉత్తరం నా దిండు కింద ఉంది. తీసి చదువుకుని మళ్ళీ కోపం తెచ్చుకుంటున్నాను.

నీ ఉత్తరం పట్టుకుని మీ అమ్మ దగ్గరికి వెళ్ళాను. బట్టలు మడతపెడుతోంది. "దీనికి ఇదంతా నూరిపోసింది నువ్వేనా?" అని అరిచాను. తల ఎత్తకుండా, "నేనేం నూరిపోయలేదు. అది చూసింది. నువ్వు చూడలేదు" అంది. అంతే. నా చొక్కా మడత పెట్టకుండా పక్కన పడేసి, మిగతావన్నీ మడతపెట్టింది.

దర్జీగాడు అద్దం ఊడదీసుకుపొమ్మన్నాడు. అవతలివీధి అద్దాలవాణ్ణి పిలిపిస్తాడట. రేకుల పనివాడు అది విని ఈల వేస్తూ పనిచేస్తున్నాడు. బడి పెద్ద పంతులమ్మగారు కూడా కబురు పంపింది, కొత్త కిటికీలోంచి చూస్తే చెట్లు ఊగకుండానే ఊగుతున్నాయని. అందరూ ఒక్కటయ్యారు. డిపోవాడు జవాబు రాశాడు, "మీకు ముప్పై ఏళ్ళుగా పంపుతున్న సరుకే ఇది" అని. అబద్ధాలకోరు.

పేరొచ్చినప్పుడు పదిమంది ఓర్వలేరని మా నాన్న అనేవాడు. సొంత కూతురే ఓర్వలేదని ఆయన కూడా ఊహించి ఉండడు.

రావాలనుకుంటే రా, మానుకుంటే మానుకో. బోర్డు దిగదు.

నీ తండ్రి


మార్చి 12

నాన్నా,

బొటనవేలి గాటు నాకు తెలుసు. ఆ రోజు నీ చెయ్యి పట్టుకుని కట్టు కట్టించింది నేనే. నీ పని తక్కువదని నేను ఎక్కడా అనలేదు. నీది కానిది నీదన్నావు, అదే నా కోపం. ఆ కోపం అలాగే ఉంది.

ఉత్తరాలతో ఇది తేలదు. డిపోవాడు అబద్ధం చెప్పలేదు. పదింటిలో మూడు ఎప్పుడూ అలాగే వస్తాయి.

ఒక్క పొద్దున నిచ్చెన కింద పెట్టు. ఎనిమిదిన్నరకు షెడ్డు తలుపులో ఒక్కొక్క గాజే నిలబెట్టు. నేల చూడు. పది గాజులు. తరవాత నన్ను ఏమన్నా తిట్టు, పడతాను.

నీ కూతురు


మార్చి 30

నా తల్లీ, నా చిట్టితల్లీ,

చూశాను! నేలమీద చూశాను! నీ ముసలి తండ్రికి అరవైఎనిమిదో ఏట నేల కనపడిందే అమ్మడూ!

నీ ఉత్తరానికి వారం రోజులు పంతం పట్టి ఊరుకున్నాను. ఎనిమిదో రోజు పొద్దున, నీ మాట అబద్ధమని తేల్చి నీకు నాలుగు పేజీలు తిట్టి రాద్దామనే, షెడ్డు తెరిచాను. కాగితం కలం పక్కన పెట్టుకునే ఉన్నాను. ఒక గాజు ఎత్తి తలుపులో నిలబెట్టాను. నేలమీద చారలు, ఎవరో నీళ్ళ తొట్టెలో చెయ్యి ఆడించినట్టు. నేల తడిగా ఉందేమోనని వంగి చేత్తో తడిమి చూశాను. పొడిగానే ఉంది. రెండోది పెట్టాను, మళ్ళీ చారలే. మూడోది పెట్టాను. అమ్మడూ, ఏం చెప్పను! నేలమీద ఎండ నలుచదరంగా, అంచులు కత్తితో కోసినట్టు, లోపల ఒక్క గీత లేకుండా, పలక! ఇంకా ఎవరూ బలపం పెట్టని పలక! నా నోట్లోంచి దానంతటదే వచ్చింది, "ఎండపలక" అని. ఇన్నేళ్ళుగా అంటున్న మాట, ఆ పొద్దున మొదటిసారి అన్నాను.

వెనకనుంచి, "హమ్మయ్య. ఇంటికి కాదు, ఇంటాయనకు వచ్చాయి కళ్ళు" అని వినపడింది. మీ అమ్మ. గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపటినుంచో తెలియదు.

నేను సంతోషంగా "చూశావా, మూడోది!" అన్నాను. అంతే, పిడుగు పడింది. నోట్లో నాలుక లేని మనిషని నీకు రాశాను కదూ. ఉంది. చాలా పొడుగ్గా ఉంది. ముప్పై ఎనిమిదేళ్ళది ఒక్కసారి విప్పింది.

"నా పేరు వేయలేదని కోపమనుకున్నారా, తండ్రీకూతుళ్ళిద్దరూ? పేరు అచ్చు వేస్తే ఏం చేసుకుంటాను, నానబెట్టి తాగనా? దాని ఉత్తరాలు కూడా చదివాను, అదీ పేరు పేరనే ఏడుస్తోంది. నేను పదింటికి మూడు పక్కన పెట్టాను. ఏళ్ళ తరబడి పదింటికి మూడు. ఒక్కరోజు కళ్ళు మండాయని వదిలేయలేదు. మంచిదాన్ని చెడ్డదాన్నించి విడదీయడానికి ఒక మాట పెట్టుకున్నాను. నువ్వు వెళ్ళి, కిటికీలో ఉన్న ప్రతి పెంకూ ఎండపలకే అని చెప్పొచ్చావు. ఆ మూడింటినీ మళ్ళీ తెచ్చి ఏడింటిలో కలిపేశావు. ఇక నేను చూసి ఏం లాభం? నువ్వే కోసుకో, నువ్వే బిగించుకో అనుకున్నాను. ఊరంతా వంకరగా కనపడనీ!"

"మరి ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"నువ్వెప్పుడడిగావు?"

ఇందుకు జవాబు నీ దగ్గర ఉంటే రాసి పంపు.

ఆ రోజే ఆఫీసుకి వెళ్ళాం. మీ అమ్మ ముందు, నేను వెనక, రెండు చంకల్లో రెండు గాజులు. ఒకటి మంచిది, ఒకటి చెడ్డది. పంతులు నాకు కుర్చీ వేయబోయాడు, మీ అమ్మ "ఆయనకొద్దు" అంది. గాజులు రెండూ కిటికీలో నిలబెట్టింది. ఆ పంతులు కళ్ళజోడు ముక్కుమీదికి జార్చి, నేలమీద మోకాళ్ళేసి కూర్చుని చూశాడమ్మా! రాసుకునే అమ్మాయి కూడా. ఆఫీసులో పనిచేసేవాళ్ళంతా వచ్చి నేలకేసి చూస్తుంటే, బయటినుంచి వచ్చినవాడు ఏదో పడిపోయిందనుకుని తనూ వెతకడం మొదలుపెట్టాడు.

కానీ పుస్తకమంతా అచ్చయిపోయింది. చివర తప్పొప్పుల పట్టికలో వేస్తామన్నాడు. మీ అమ్మ ఒప్పుకోలేదు. "తప్పని తెలిశాక కూడా అలాగే అమ్ముతారా? నేనలా చేసుంటే మీ కిటికీ ఇలా ఉండేదా?" అంది. ఆ కిటికీ బిగించింది నేనే, పద్నాలుగేళ్ళ కిందట. పంతులు కిటికీలోంచి వీధికేసి చూశాడు, చాలాసేపు చూశాడు. చివరికి చిన్న చీటీ అచ్చు వేసి, ప్రతి పుస్తకంలో సరిగ్గా ఆ పుటమీదే, పాత అర్థం మీదే అతికించడానికి ఒప్పుకున్నాడు. చీటీలో ఏముండాలో మీ అమ్మ చెబుతుంటే ఆయన రాసుకున్నాడు. నీకొకటి పంపుతున్నాను:

"ఎండపలక. నా. నిలబెట్టి చూస్తే నేలమీద చార లేకుండా ఎండను పడనిచ్చే గాజు, కిటికీకి తగినది. అలా పడనివ్వనిది కిటికీలో ఉన్నా ఎండపలక కాదు. అద్దాలు కోసే ఆవిడ చెప్పినది. ఆమె భర్త చెప్పిన అర్థం తప్పు."

ఆఖరి వాక్యం నిఘంటువుల్లో రాయరమ్మా అన్నాడు పంతులు. "రాయండి" అంది. నేను కూడా "రాయండి సార్" అన్నాను. అక్కడ నాకు ఎందుకో, నువ్వు నవ్వుతావేమో గానీ, మొదటి కాగితం వచ్చిన రోజుకన్నా ఎక్కువ ఆనందమేసింది. అప్పుడు కాళ్ళు భూమ్మీద నిలవలేదు. ఇప్పుడు నిలిచాయి.

కోపం తగ్గిందనుకోకు. ఆవిడ నాతో ఇంకా సూటిగా మాట్లాడటం లేదు. గోడకు చెబుతుంది, నేను వింటాను. "దర్జీకి కుడి దొంతరలో నాలుగోది పట్టుకెళ్ళాలని ఎవరికైనా గుర్తుందో లేదో" అంటుంది గోడతో. పట్టుకెళ్ళి బిగించాను. కోటు తిన్నగా ఉంది. బడి కిటికీ రేపు. బోర్డు దింపేశాను. "కొట్లో ఉన్న గాజంతా నేలమీద చూశాక పెట్టుకోవచ్చేమో ఆ బోర్డు" అని గోడతో అంది. రోజూ పొద్దున ఇద్దరం చూస్తున్నాం. నేను గాజు పట్టుకుంటాను, ఆవిడ నేల చూస్తుంది. నేను చూసింది చెల్లదట ఇంకా.

సెలవు పెట్టి రా. బోర్డు లేదు, తల వంచుకోకుండా లోపలికి రావచ్చు. దిండు కింద ఉన్న నీ ఉత్తరం తీసి కొట్లో మేకుకు గుచ్చాను. రోజూ చదువుతున్నాను, ఈసారి కోపం తెచ్చుకోవడానికి కాదు.

ఒక్క పని నువ్వు చెయ్యాలి. నేను గొప్పగా పంపిన నాలుగు పుస్తకాల్లో పాత అర్థమే ఉంది. చీటీలు దీంతో పెడుతున్నాను. నేను రాస్తే వినయం అనుకుంటారు, నువ్వు రాయి. చెప్పవలసినవాళ్ళు:

పెద్దత్తయ్యకు. "మా తమ్ముడు పండితుడు" అని వాళ్ళ వీధంతా చెప్పుకుంది. వీధంతా తిరిగి, కాదని చెప్పిరమ్మను.

బాబాయికి. నాన్న "బిళ్ళ" అనేవాడని వాడికీ తెలుసు. తెలిసి కూడా "మన నాన్న మాట అన్నయ్యా" అని కన్నీళ్ళతో రాశాడు. వాడికి కాస్త గట్టిగానే రాయి.

చిన్నమామయ్యకు. నెమ్మదిగా రాయి. వాళ్ళక్క సంగతి తెలిస్తే వాడు బస్సెక్కి వచ్చి నన్ను తన్నినా తంతాడు.

పిన్నికి. చీటీ అతికించిందో లేదో చూసి రాయమను. మీ అమ్మ అడుగుతోంది, గోడని.

అల్లుడికి. మొదటి ఉత్తరం ఎంత గట్టిగా చదివావో ఇదీ అంత గట్టిగా చదువు. పక్కింటివాళ్ళకు కూడా వినపడాలి.

రేకుల పనివాడు చుట్టం కాదు గానీ వాడికి నేనే చెప్పాను. సుత్తి ఆపి, "అయితే నా పదిహేనులో కూడా మా ఆవిడవి మూడున్నాయి" అన్నాడు.

మీ అమ్మకు చెప్పక్కర్లేదు. ఆవిడకు మొదట్నించీ తెలుసు.

మీ నాన్న